నబీల్ అంకుల్ తరఫున నేను రాసిన సాక్ష్యం

కెనడాలోని హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో నేను అరబ్బులకూ యూదులకూ మధ్య శాంతి నెలకొల్పాను. నవ్వకండి. ఆ శాంతి ఒక పూట నిలిచింది, అంతలోనే నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

చదివేది పబ్లిక్ రిలేషన్స్, కడుపు నింపేది షవర్మా షాపులో రొట్టెలు చుట్టే పని. యజమాని నబీల్ అంకుల్‌ది జోర్డాన్. రోజూ మధ్యాహ్నం ఆరన్ గారనే రిటైరైన యూదు మాస్టారు వచ్చేవారు. ఇద్దరూ కిటికీ పక్కన పాచికలాడుతూ, ఇజ్రాయెల్ గురించి గొంతు చించుకుని, చివరికి ఒకే ప్లేటులో తినేవారు. బయట మంచు, లోపల రొట్టె కాలే వాసన, వాళ్ల పోట్లాట. కెనడా అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది, బెంగగా ఉంటుంది.

ఆ టర్మ్‌లో క్లాసులో ఒక ప్రాజెక్టు ఇచ్చారు: ఇజ్రాయెల్ పట్ల అరబ్బుల వైఖరి మారుతోందని చూపే పోస్టరు తయారుచేయాలి. కొన్ని అరబ్ దేశాలు ఇజ్రాయెల్‌తో చేతులు కలిపాయని వార్తల్లో చదివాను. దేశాలే మారాక మా అంకుల్ మారకుండా ఉంటారా అనుకున్నాను.

నేను నరసాపురం వైపు చర్చిలో పెరిగినవాణ్ణి. మా దగ్గర మనిషి మారాడంటే లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. మొదట చీకటి, మధ్యలో కన్నీళ్లు, చివర వెలుగు. ఏ ఒక్కటి తగ్గినా ఆంటీలు ఒప్పుకోరు. ఆ లెక్కన అంకుల్ సాక్ష్యం ఆయన్ని అడక్కుండా నేనే రాసేశాను. ‘ఒకప్పుడు ఇజ్రాయెల్ పేరు వింటే మండిపడేవాణ్ణి. ఎన్నో రాత్రులు ఏడ్చాను. ఇప్పుడు నా హృదయం మారింది.’ పైన స్నేహితులిద్దరి ఫొటో.

నా రూమ్మేట్ సుధీర్‌ది వరంగల్. పోస్టరు చూసి తల పట్టుకున్నాడు.

“అరే, గాయన్ని అడిగినవా?”

“సర్‌ప్రైజ్ ఇద్దామనిరా.”

“గిది సర్‌ప్రైజ్ కాదు, పంచాయితీ. గాళ్ల లొల్లి నీకెందుకురా?”

వినాశకాలే విపరీత బుద్ధి అంటారు. నాకు బుద్ధితో పాటు కలర్ ప్రింటరు కూడా ఉంది. మర్నాడు పోస్టరు షాపు అద్దానికెక్కింది.

మధ్యాహ్నానికి అంకుల్ దేశం వాళ్లు గుమ్మం దాకా వచ్చి, చదివి, తిరిగి వెళ్లిపోతున్నారు. ఎవరో ఫొటో తీసి పంపితే అమ్మాన్ నుంచి ఆయన చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది. ఇంతలో ఆరన్ గారు వచ్చారు. ఆయన సంతోషిస్తారనుకున్నాను. ఆయనకి అంతకన్నా కోపం.

“ఇన్నేళ్లు నాతో వాదించి, మనసు మారితే నాకు చెప్పకుండా అద్దానికి చెప్తావా?”

“నేనేం మారలేదు. వీడు మార్చాడు.”

“ఏడ్చావా మరి?”

“నీతో ఆడి ఓడినప్పుడు కూడా ఏడవలేదు. నువ్వు వేరు, ఆ ప్రభుత్వం వేరు. నీకు తెలుసుగా.”

“తెలుసు,” అన్నారు ఆరన్ గారు మెత్తబడి.

అంకుల్ నా వైపు తిరిగారు. “ఇజ్రాయెల్‌తో ఒప్పందాలకి సంతకాలు పెట్టినవాళ్లు నన్ను అడగలేదు. నా షాపులో రొట్టెలు చుట్టేవాడివి, నువ్వూ అడగలేదు.”

సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి పోస్టరు చింపేసి, “అంకుల్, నన్ను మానేయమంటారా?” అని అడిగాను. ఇద్దరూ కిటికీ దగ్గర తలలు దగ్గరపెట్టి చాలాసేపు గుసగుసలాడి, నన్ను పిలిచారు.

“ఇన్నేళ్లలో మొదటిసారి మాకిద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది,” అన్నారు ఆరన్ గారు.

“ఏంటండీ అది?”

“నువ్వు ఉల్లిపాయలు మాత్రమే తరగాలి,” అన్నారు అంకుల్.

నా ప్రాజెక్టుకి దొరికిన ఒకే ఒక్క శాంతి ఒప్పందం అది. అందుచేత మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకొకరి మనసు గురించి నేను ప్రకటన చేయను. మా ఆవిడ అలిగిందా లేదా అని మా అత్తగారు అడిగినా సరే, ఫోన్ ఆవిడ చేతికే ఇస్తాను.