ఉప్పు తేలిన పేజీ

నా చిన్నప్పుడు నిజాంపట్నంలో మా పక్కింట్లోకి ఒక అక్క అద్దెకు దిగింది. బడిలో డ్రాయింగ్ టీచరు. బజార్లో దొరికే రంగులంటే తనకి అస్సలు పడదు. ఏ ఊరెళ్ళినా సంచీనిండా మట్టి తెచ్చుకునేది. మా అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ, ఈ పిల్లకి మతిగానీ పోయిందా అని నవ్వేది. నేను మాత్రం ఆ అక్క గుమ్మంలోనే కాపురం పెట్టేశాను.

ఆ పని చూస్తుంటే నాకు కాళ్ళు నేలమీద నిలిచేవి కావు! మట్టిని నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి, తేరాక పైనీళ్ళు వంచేసేది. అడుగున మిగిలిన మెత్తటి ముద్దను ఎండబెట్టి తుమ్మజిగురుతో నూరితే అదే రంగు. బొమ్మ చెక్కిన చెక్కకి ఆ రంగద్ది, పైన కాగితం పరిచి, గరిటె వెనకవైపుతో రుద్దేది. కాగితం కొస పట్టుకుని మెల్లగా ఎత్తుతుంటే నేను ఊపిరి బిగబట్టేదాన్ని. కాలవ, గట్టు, కొంగలు, అన్నీ ఆ మట్టిలోంచే వచ్చేవి! అమ్మ అన్నానికి పిలిచినా నాకు వినపడేది కాదు.

ఆ ఏడాది బాపట్లలో ఎగ్జిబిషన్ అని తెలిసి అక్క ఒక పుస్తకం మొదలుపెట్టింది. మడతలు విప్పితే బల్లమీద కాలవలా వంకర్లు తిరుగుతూ నిలబడే పుస్తకం. తెనాలి నుంచి సముద్రం దాకా, ఏ చోటి బొమ్మకి ఆ చోటి మట్టే. భట్టిప్రోలు చేల నల్లమట్టి పేజీ అయిపోయింది. రేపల్లె పేజీ కూడా ఆరింది. ఇక చివరిది, మా ఊరి ఉప్పుటేటి బురదతో వెయ్యాల్సిన సముద్రం. అక్కకి అదే తొలి ఎగ్జిబిషన్, చేతిలో ఉన్నది ఆ ఒక్క పుస్తకమే.

ఆ బురద కడిగే పని నాకు అప్పగించింది. మంచినీళ్ళు పోసి, తేరనిచ్చి, వంచాలి. వంచిన నీళ్ళు ఒక చుక్క నాలుకమీద వేసుకుంటే చప్పగా తగలాలి, అప్పటిదాకా ఆపకూడదు. మా పేటలో మంచినీళ్ళంటే బిందె చంకనెత్తుకుని ఎంతో దూరం నడవాలి. రెండుసార్లకే నాకు విసుగొచ్చింది. పైగా అచ్చు ఎప్పుడు వేస్తామా అన్న ఆత్రం. నాలుకమీద వేసుకోకుండానే, చప్పగా ఉందక్కా అనేశాను. అక్క నమ్మింది, ఆ పేజీ నాచేతే రుద్దించింది కూడా.

బాపట్లకి బస్సులో నన్నూ తీసుకెళ్ళింది. పుస్తకం పెట్టె దారంతా నా ఒళ్ళోనే! అక్కడ బల్లమీద విప్పి చూస్తే చివరి పేజీ నిండా తెల్లగా ఉప్పు తేలి ఉంది. అక్క వేలితో రుద్ది, నాలుకమీద పెట్టుకుని, నావంక ఒక్కసారి చూసింది. పుస్తకాన్ని అలాగే నిలబెట్టింది.

జనం వచ్చారు. తల నెరిసిన ఒక సారు ఆ చివరి పేజీ దగ్గరే ఆగిపోయి, సముద్రపు నురగ ఇంత బాగా ఎలా తెప్పించారమ్మా అని అడిగారు. అక్క నన్ను ముందుకు లాగింది.

“అది మా చెల్లి కడిగిన మట్టండి. తననే అడగండి.”

అందరూ నావైపే చూస్తున్నారు. ఎంత గొప్పగా ఉందో ఆ క్షణం! ఏదో ఒకటి చెప్పేస్తే మెచ్చుకోలు నాదే. నోరు తెరిచాను, కానీ వచ్చింది వేరు.

“నేను రుచి చూడలేదండి. చూశానని అక్కకి అబద్ధం చెప్పాను.”

చెప్పి బావురుమన్నాను. అక్క తన కొంగుతో నా మొహం తుడిచింది. తిరుగు బస్సులో మాత్రం ఒక మాట అడిగింది.

“పేజీ బాగుంది. ఇలాంటిది ఇంకోటి చెయ్యమంటే చేస్తావా?”

చెయ్యలేను. అందులో ఎంత ఉప్పు మిగిలిందో నాకే తెలీదు కదా! మర్నాడు పొద్దున్నే బిందె చంకనెత్తుకున్నాను. అదే ఏటి బురద మళ్ళీ తెచ్చి, వంచినప్పుడల్లా చుక్క నాలుకమీద వేసుకున్నాను. ఏడోసారికి చప్పబడింది.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. నేనూ మట్టితో అచ్చులు వేస్తాను, నిలబడే పుస్తకాలు కడతాను. సముద్రం పేజీకి మాత్రం, ప్రతిసారీ రుచి చూస్తూ, నురగకి సరిపడా ఉప్పు మిగిలేలా కావాలనే మూడో నీళ్ళతో ఆపుతాను. నురగ ఎలా వచ్చిందని పిల్లలు మీదపడి అడుగుతుంటే నాకు అప్పటిలాగే సంబరం. ముందు వాళ్ళకి నా అబద్ధం సంగతి చెబుతాను, ఆ తర్వాతే మట్టి సంగతి.