కుర్చీ తిప్పే టీచరమ్మ

మా మనవరాలి బళ్లో ఆడపిల్లలకు ఒంటి సంగతులు చెప్పే టీచరమ్మకు ఒక అలవాటుండేది. పెద్దవాళ్లం ఏమడిగినా కుర్చీ పిల్లవైపు తిప్పి, "నువ్వేమంటవ్ బిడ్డా?" అనేది.

నెలసరికి పాత చీర గుడ్డలుండగా ప్యాడ్లు కొనమని నేర్పుతుందేమోనని, మనవరాలిని వెంటబెట్టుకుని పుప్పాలగూడలోని ఆ బడికి పోట్లాటకే వెళ్లాను.

"గుడ్డ మంచిదేనమ్మా. కానీ మంచిగ ఉతికి ఎండల ఆరెయ్యాలె," అంది టీచరమ్మ.

"ఎండలోనా! ఇంట్లో మగాళ్లు తిరుగుతుంటారండీ," అన్నాను. మేమెప్పుడూ వాటిని చీర కింద దాచి ఆరేసినవాళ్లం.

కుర్చీ తిరిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా?"

"గుడ్డే వాడతా నానమ్మా. కానీ బాల్కనీలోనే ఆరేస్తా," అంది పిల్ల, నా కళ్లలోకి చూస్తూ.

టీచరమ్మ నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

ఆ నెల మా పద్నాలుగో అంతస్తు బాల్కనీలో పిల్ల తన గుడ్డలు ఆరేసింది. గాలికి ఎగిరిపోతే దండగని క్లిప్పులు నేనే పెట్టాను.