అడ్డంకులు చెప్పని టీం

స్క్రమ్ అనే పని పద్ధతి నేర్పడానికి మా ఆఫీసుకు హైదరాబాదు నుంచి ఒకమ్మాయిని పంపించారు. హోసూరులో ఫ్యాక్టరీల గోడౌన్లకు సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసు మాది. అప్పటిదాకా బుద్ధి పుట్టినప్పుడు పని చేసేవాళ్ళం, ఎవరైనా అడిగితే అయిపోయిందనేవాళ్ళం. ఇక అలా కుదరదట. పనిని రెండేసి వారాల ముక్కలుగా కోసుకోవాలి, ఒక్కో ముక్క పేరు స్ప్రింట్. రోజూ పొద్దున గుండ్రంగా నిలబడి నిన్న ఏం చేశామో, ఇవాళ ఏం చేస్తామో, ఏది అడ్డం వస్తోందో చెప్పాలి. నిలబడితే మాటలు తగ్గుతాయని సిద్ధాంతం. దాన్ని కనిపెట్టినవాడు, నిలబడే ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునే మా సూళగిరి బస్సు ఎన్నడూ ఎక్కి ఉండడు.

మొదటి రెండు ప్రశ్నలకూ జవాబులు గడగడా అప్పగించేవాళ్ళం. మూడోదానికి అందరిదీ ఒకటే మాట, "ఏమీ లేదు మేడమ్." మాలో పెద్దాయన, మత్తిగిరి మనిషి, "అయిపోతాదమ్మా, నువ్వేమీ యోచన చేయొద్దు" అని ఆమెకే ధైర్యం చెప్పేవాడు. ఒకసారి, పై సోమవారానికి ఒక ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ అందకపోతే తన ఉద్యోగం పోతుందని ఆమె మాకు దాచకుండా చెప్పింది. అయినా మేం ఏమీ లేదనే అన్నాం.

అసలు స్క్రమ్ ఆ తర్వాత, రోడ్డవతల టీ కొట్టులో జరిగేది. "యాడప్పా అయ్యేది? స్కానర్ పెట్టెల మీది లేబులే చదవదు!" అని పెద్దాయన గ్లాసు ఊదుకుంటూ గొణిగేవాడు. మిగతావాళ్ళం తలా ఒక కష్టం బయటపెట్టి, టీ తాగేసి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయేవాళ్ళం.

ఎవరు ఊదారో గానీ ఆమె ఒకరోజు మీటింగునే టీ కొట్టుకు మార్చేసింది. అంతే, అక్కడ మా నోళ్ళకు తాళాలు పడ్డాయి. బజ్జీల గురించి తప్ప ఎవరూ మాట్లాడలేదు. నిజాలన్నీ బండ్లు నిలిపే చోటికి మకాం మార్చాయి.

శుక్రవారం సాయంత్రం పెద్దాయన ఇంటికి పోదామని బండి స్టాండు తీస్తుంటే ఆమె అక్కడికీ వచ్చింది.

"ఇవాళ అడ్డంకి నేను చెప్తా. నా అడ్డంకి మీరే" అంది. "ఏమైతుందో ఒక్కరన్నా చెప్పండి."

పెద్దాయన నేల చూపులు చూశాడు. "స్కానర్ పని చేసేదే లేదమ్మా. సోమవారానికి కాదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"దూరం నుంచి ఒంటిగా వచ్చినావు. వచ్చిన మనిషి చెవిలో చేదు మాట ఎట్లా వేసేది?"

మా ఇళ్ళలో అంతే. బయటి ఊరి చుట్టాలు ఉన్నంతసేపు ఎవరూ కష్టం మాట ఎత్తరు. ఆమె వచ్చి నెలలు గడిచినా మాకింకా చుట్టమే. చుట్టం మీద అంత ప్రేమ ఒలకబోసి, ఆ పిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టాం.

"నేను చుట్టాన్ని కాను సార్, మీ టీంలో మనిషిని" అని ఆమె అక్కడికక్కడే హైదరాబాదులో తన పైఅధికారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది. సోమవారానికి కాదని, బాధ్యత తనదని చెప్పింది. అవతలి అరుపులకు పార్కింగులో వాచ్‌మన్ కూడా ఇటు తిరిగాడు.

పెద్దాయన ఫోను లాక్కున్నాడు. "సార్, ఆ కోడు రాసింది నేను. కాలేదని తెలిసీ ఆయమ్మకు చెప్పకుండా దాచింది మేము. అరిచేదుంటే నా మీద అరవండి." పైవాళ్ళ ముందు "ఎస్ సార్" తప్ప ఇంకో మాట ఎరగని మనిషి ఆయన. ఆయన మీద నాకు అంత గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు.

అవతల అరుపులు ఆగాయి. తర్వాత, ఇంకో స్ప్రింట్ ఇస్తానని, అమ్మాయి అక్కడే ఉంటుందని ఆ గొంతు చెప్పింది.

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను తీసుకుంది. "ఇంకేమన్నా దాచారా?"

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"చానా ఉండాయమ్మా" అని పెద్దాయన బండికి మళ్ళీ స్టాండు వేశాడు.