బావగారి గ్రహంలో తిలాపియా

పోయిన ఏడాది కలిదిండి బావగారు నాకిచ్చిన శీలావతి చేప పిల్లల్లో ఇట్టే పిల్లలు పెట్టి చెరువు నింపేసే తిలాపియా చేప కలిసింది. పెదపాడులో నా చెరువంతా అదే పెరిగి, మేతంతా తినేసింది. అడిగితే, "ఏదైనా చేపే కదండీ" అని నవ్వారు.

ఈ రోజు ఇద్దరం ఫోన్లలో అంతరిక్ష యుద్ధం గేమ్ ఆడుతుంటే, సంధి పేరుతో ఆయన గ్రహానికి వలసజనాన్ని పంపాను. అన్నిటికన్నా వేగంగా పిల్లల్ని కనే జాతిని ఏరి మరీ పంపాను. ఆయన చూసుకోకుండా దింపించుకున్నారు. సాయంత్రానికల్లా గ్రహంలో తిండి అయిపోయి, ఆయన సొంత జాతి అంతరించింది.

వెంటనే ఫోన్ చేశారు.

"ఏవండీ, ఎవర్ని పంపారండీ మా మీదకి?"

"ఎవరైనా జనమే కదండీ బావగారూ!" అన్నాను.

నాది నిజం చెరువు, ఆయనది ఫోన్‌లో గ్రహం. చెల్లుకు చెల్లు అంటారా, ఇంకో గ్రహం కూడా ముంచమంటారా?