పొట్టు బాషా

కమాల్ బాషా బతికే ఉన్నాడు. బతికున్నవాడి జీవితకథ రాయడం ఏమిటని మీరు అడగవచ్చు. నాయకులకు బతికుండగానే రాస్తున్నారు, అచ్చు వేస్తున్నారు, పూలదండలతో ఆవిష్కరిస్తున్నారు. మా వీధిలో ఒక అటెండరుకు రాస్తే కాగితం ఏమీ మైల పడదు.

ప్రొద్దుటూరులో నూనె మిల్లులు ఎక్కువ. కమాల్ బాషా మీసం రాకముందే ఒక మిల్లులో చేరాడు. అక్కడ నాపరాళ్ల మీద నూనె ఒలికితే ఎవరూ నీళ్లు పోయరు. నీళ్లు పోస్తే ఇంకా జారుతుంది. శనక్కాయ పొట్టు గంపతో తెచ్చి కుమ్మరించి, కాలితో రుద్ది, నూనె తాగిన పొట్టును ఊడ్చి పొయ్యిలోకి ఎగదోస్తారు. పొట్టు తాగనిది ఏదీ లేదని మిల్లువాళ్ల మాట. ఆ వేడిలో పదిహేనేళ్లు పనిచేసినవాడికి అది మాట కాదు, వేదం.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో మా హైస్కూలును పెద్ద బడి చేశారు, సైన్సు ల్యాబు కట్టారు. బరువులు ఎత్తగల అటెండరు కావాలన్నారు. కమాల్ బాషా పోయి చేరాడు. చేరాడంటే పూర్తిగా కాదు. ఏటా వేసవికి తీసేసేవారు, బడి తెరిచాక మళ్లీ వేసుకునేవారు. వేసుకుంటారో లేదో చివరిదాకా తెలియదు. బడి తెరిచే రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడి హెడ్మాస్టరు చూపు కోసం కాచుకునేవాడు. పర్మనెంటు కావాలన్నది అతని ఒకే ఒక కోరిక.

"పర్మనెంటు అయితే ఏం చేస్తావు మామా?" అని ఒకసారి అడిగాను.

"ఏం చేస్తానప్పా, ఎండాకాలంలో ఇంట్లో పండుకుంటా. సెలవని పండుకుంటా. ఇప్పుడు పండుకుంటే మీ అత్త పని లేనోడు అంటాంది."

లోపలి నుంచి అతని భార్య గుల్జార్‌బీ అరిచింది. "పని ఉన్నప్పుడు మాత్రం ఏం పొడుస్తాండావు? బడి నిండా పొట్టు చల్లి వస్తాండావు!"

ఆమె అన్నది నిజమే. ల్యాబులో చేరిన వారానికే మిల్లు నుంచి ఒక గోనె పొట్టు మోసుకొచ్చి బీరువా వెనక పెట్టుకున్నాడు. సిరా ఒలికినా, దీపాల స్పిరిటు ఒలికినా పొట్టే. కప్పలు నిలవేసిన జాడీ పగిలి గది అంతా కళ్లు మండితే దానికీ పొట్టే. పిల్లలు అతనికి పొట్టు బాషా అని పేరు పెట్టారు. సైన్సు మాస్టరు విశ్వేశ్వరయ్య గారు మాత్రం మెచ్చుకున్నారు. "బాషా ఉంటే ల్యాబు అద్దమే" అనేవారు. పొట్టు ఎందుకు, దేని మీద వేయకూడదు అని ఆయన ఒక్కనాడూ చెప్పలేదు. నేల శుభ్రంగా ఉంది కదా, ఇక చెప్పాల్సింది ఏముంది?

ఒక ఏడు మాఘమాసంలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ల్యాబు బాగుందని వాళ్లు రాస్తే అటెండరు పోస్టు పర్మనెంటు అవుతుందని హెడ్మాస్టరు చెప్పారు. కమాల్ బాషా గోడలకు సున్నం కొట్టాడు. మంటలు ఆర్పడానికి పెట్టే ఎర్ర బక్కెట్లలో పాత ఇసుక పారబోసి, పెన్నా ఇసుక జల్లించి నింపాడు. మాస్టరు దాని మీద చెక్కతో చదును చేయించి, "ఇంగ దీన్ని ఎవరూ ముట్టొద్దు" అన్నారు.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున సీసాల దుమ్ము తుడుస్తుండగా పై అరలోని నైట్రిక్ ఆసిడ్ సీసా జారింది. నాపరాళ్ల మీద పడి పగిలింది. రాయి బుసబుసమని పొంగింది. దుమ్ము రాకుండా కిటికీలన్నీ మూసి ఉన్నాయి. అధికారుల జీపు వచ్చే వేళయింది. బక్కెట్లు చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. అతను గోనె దగ్గరికి పరిగెత్తాడు.

ఆ ఆసిడ్ మీద ఇసుక పోయాలి. కిటికీలు తెరిచి బయటికి పోవాలి. పొగ తగ్గాక దూరం నుంచి సోడా పొడి చల్లాలి. పొట్టు, రంపపు పొడి, గుడ్డ పీలికలు మాత్రం దాని దగ్గరికి తేకూడదు. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ పూట కమాల్ బాషాకు తెలిసింది మిల్లు ఒక్కటే. గోనె మొత్తం కుమ్మరించాడు. పొట్టు నల్లబడింది, ఎర్రటి పొగ మోకాళ్ల దాకా, ముఖం దాకా లేచింది. దగ్గుతూనే కాలితో రుద్దాడు.

విశ్వేశ్వరయ్య గారు గుమ్మం దగ్గరికి వచ్చారు. ముక్కుకు ధోవతి అంచు అడ్డం పెట్టుకున్నారు. "ఏందిరా ఈ పొగ! బిన్నా ఊడ్చి కిటికీలు తెరువు, వాళ్లు వస్తాండారు!" అని వెనక్కి మళ్లారు.

ఊడ్చాడు. కొళాయి కింద ముఖం కడుక్కున్నాడు. కొంతసేపటికి గొంతు మంట తగ్గింది. వచ్చినవాళ్లకు టీ అందించాడు. ల్యాబు శుభ్రంగా ఉందని వాళ్లు రాసిపోయారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఆసిడ్ సీసా పగిలిన సంగతి నాకు చెప్పి, "అయిపోయిందప్పా, ఇంగ నన్నెవరూ తీసేయలేరు" అని నవ్వాడు. సాయంత్రానికి మంచం మీద కూర్చుని గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. నోట్లో గులాబి రంగు నురగ.

జమ్మలమడుగు ఆసుపత్రికి అద్దె కారులో తీసుకుపోయాం. ఏం పీల్చావని డాక్టరు అడిగితే, "పొట్టు పొగ సామీ" అన్నాడు. ఆసిడ్ మాట చెప్తే సీసా పగిలిన సంగతి బడిలో తెలుస్తుందని భయం. ప్రాణం పోతున్నా భయం పోలేదు. ఆ సంగతి డాక్టరుకు నేను చెప్పాను.

ప్రాణం దక్కింది, ఊపిరితిత్తులు దక్కలేదు. వీధి మలుపు దాకా నడిస్తే గోడ పట్టుకోవాలి. విశ్వేశ్వరయ్య గారు బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చారు.

"నైట్రిక్ మీద పొట్టు ఎవడన్నా ఏస్తాడా బాషా? క్లాసులో ఏటా చెప్తానే ఉండా గదా!"

"చెప్తాంటిరి సార్. మీరు ఇంగ్లీషులో చెప్తాంటిరి, నేను బోర్డు తుడుస్తాంటి."

మాస్టరు బత్తాయిల సంచి మంచం కోడుకు తగిలించి వెళ్లిపోయారు.

వేసవిలో పోస్టు పర్మనెంటు అయింది. పోస్టు అయింది, మనిషి కాలేదు. ఒంట్లో బాగుందని డాక్టరు సంతకం కావాలన్నారు. ప్రాణం నిలిపిన జమ్మలమడుగు డాక్టరే ఆ సంతకం పెట్టనన్నాడు. అబద్ధం రాయనన్నాడు. ఆయన నిజాయితీని నేను తప్పుపట్టలేను, అదే నా కోపం. పులివెందులలో ఒక డాక్టరు మెత్తటివాడని ఎవరో చెప్పారు. నన్ను తోడు తీసుకుని బస్సెక్కాడు కమాల్ బాషా. దారి పొడుగునా ఊపిరి దాచుకున్నాడు.

ఆ డాక్టరు నిజంగానే మెత్తటివాడు. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత, "ఆ గేటు దాకా పోయి రాప్పా" అన్నాడు. కమాల్ బాషా వీపు నిటారుగా పెట్టి, చేతులు ఊపుతూ, ఆరోగ్యవంతుడు ఎలా నడుస్తాడో అలా నడిచాడు. గేటు దాకా బాగానే పోయాడు. తిరిగి రావడానికి మళ్లి, గేటు చువ్వ పట్టుకుని నిలబడిపోయాడు. పెదవులు నీలంగా మారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వడానికి చూస్తోంది.

డాక్టరు పెన్ను జేబులో పెట్టుకుని, ఇంకో రోగిని పిలిచాడు.

నేను పోయి అతని చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి గాలి అందింది.

"కడపలో ఎవరన్నా ఉంటారా అప్పా?" అన్నాడు.

ఉంటారని చెప్పాను. ఉండరని ఇద్దరికీ తెలుసు.