కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన ఫ్లాపీలు

1988 మే నెల. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో నా కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. అప్పట్లో ఒక కంపెనీ మిషను రాసిన ఫ్లాపీని ఇంకో కంపెనీ మిషను చదివేది కాదు. ఫ్లాపీ అంటే నల్ల కవరులో ఉండే పల్చటి అయస్కాంతపు బిళ్ల. దాని మీద సమాచారాన్ని గుండ్రటి గీతలుగా, ఒక్కో గీతని ముక్కలు చేసి రాస్తారు. గీతని ట్రాక్ అంటాం, ముక్కని సెక్టర్ అంటాం. ఏ ముక్క తర్వాత ఏది చదవాలన్నది ఏ కంపెనీ ఇష్టం దానిదే. ఆ వరస కనిపెట్టి కొత్త పీసీలోకి మార్చడం నా పని. ఈ చుట్టుపక్కల అది నాకొక్కడికే వచ్చని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం ప్రత్తిపాడు వైపు ఉన్న చిన్న క్రైస్తవ మిషన్ ఆసుపత్రి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకరు టీబీ రోగుల్ని చూసుకునే సిస్టర్ కరుణమ్మ, రెండోవారు టైపిస్టు దేవసహాయం గారు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఎవరో దానమిచ్చిన వాళ్ల కంప్యూటరు కాలిపోయింది. రోగుల జాబితా మాత్రం రెండు ఫ్లాపీల్లో ఉండిపోయింది.

"కాగితం మీద లేదా అండీ?" అన్నాను.

"కార్డులుండేవండీ. నిరుడు వానలకి గది కురిసి ముద్దయిపోయినయ్. మిషనులో ఉన్నాయి కదా అని మళ్లీ రాయలేదు" అంది సిస్టర్. "ఏడాదిన్నర మందు మింగాలండీ వీళ్లు. దగ్గు తగ్గగానే మానేస్తారు. మిరపకోతలని కూలి మేస్త్రీల వెంట ఊళ్లు పట్టుకు తిరుగుతారు. ఎవరిది ఏ ఊరో, ఏ మేస్త్రీ వెంట పోతారో అన్నీ ఇందులోనే ఉన్నయ్. ఇప్పుడు పట్టుకోకపోతే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడిక ఈ మందులకి లొంగదు."

దేవసహాయం గారు గోనెసంచి విప్పి, ప్లాస్టిక్ కవరు తీసి, ఫ్లాపీలు నా చేతిలో పెట్టారు. మంచులా చల్లగా ఉన్నాయి. మిరప ఘాటుకి రెండు తుమ్ములు కూడా వచ్చాయి.

"ఇదేంటండీ?"

"ఈ ఊళ్లోనే కోల్డ్ స్టోరేజీలో పెట్టించానండీ, ఇప్పుడే తీసుకొస్తున్నాం. ఎండ తగిలితే పాడైపోతాయని మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉంది. మా బావమరిది అక్కడే గుమస్తా. మిర్చి టిక్కీ బస్తాల పక్కన భద్రంగా పెట్టాడు. ఏడాదున్నా కాయ రంగు మారదండీ అక్కడ!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇవేమన్నా మిరపకాయలనుకున్నారా? బుద్ధున్నవాళ్లు చేసే పనేనా ఇది?" అని అరిచాను. పాపం, పెద్దాయన ముఖం వాడిపోయింది. "తెలీక చేశానండీ" అన్నారు.

ఆ కోపంలోనే మొదటి ఫ్లాపీని డ్రైవులోకి తోసేశాను. అదే నా కొంప ముంచింది. చలి గదిలోంచి మే ఎండలోకి వచ్చిన వస్తువుకి చెమ్మ పడుతుంది. చల్లటి సోడా సీసాకి పట్టినట్టే లోపలి బిళ్లకీ పట్టింది. డ్రైవు కరకరమంది. నేను బయటికి లాగేసరికే పైపూత గోరుతో గీరినట్టు గుండ్రంగా లేచిపోయింది.

దేవసహాయం గారు దాచిన ఫ్లాపీ బాగానే ఉంది. పాడుచేసింది నేను. ఆ మాట వాళ్లతోనే అన్నాను. "కావాలని చేశారా ఏంటండీ? రెండోది చూడండి" అన్నారు ఆయన. నేను తిట్టిన మనిషే నన్ను ఓదారుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

రెండో ఫ్లాపీని ఒక రోజంతా బల్ల మీద ఆరనిచ్చాను. మర్నాడు వాళ్లను కూర్చోబెట్టుకుని చదివించాను. పేర్లు వచ్చాయి గానీ ముక్కల వరస తప్పి, ఒకరి పేరు పక్కన ఇంకొకరి ఊరు పడుతోంది.

"కోటమ్మది పొన్నూరు కాదండీ, ఏటుకూరు" అంది సిస్టర్ తెర వంక చూస్తూ. "పొన్నూరు సుందర్రావుది."

ఆమె చెప్పేకొద్దీ నేను వరస మార్చుకుంటూ పోయాను. నాలుగోసారికి ఆమె ముఖం విప్పారింది. "ఆ, ఇప్పుడు ఎవరూరికి వాళ్లు చేరారండీ!"

మొదటిదాన్నీ అలాగే ఆరబెట్టి చదివిస్తే, గీతపడ్డ చోటు తప్ప మిగతాదంతా వచ్చింది. మందుల గదిలో రోగుల మొత్తం సంఖ్య రాసి ఉంది కాబట్టి, పోయినవి పద్దెనిమిది పేర్లని తేలింది. మిగతా పేర్లు అచ్చు తీసిచ్చాను. సిస్టర్ ఆ కాగితాలు గుండెకి హత్తుకుని వెళ్లిపోయింది.

వానాకాలంలో ఏదో పని మీద గుంటూరు వచ్చి, మెట్లెక్కి నా దగ్గరికొచ్చింది. చెప్పులనిండా నల్లరేగడి బురద. "పదిహేడు మంది దొరికారండీ. ఊరూరా మేస్త్రీలనడిగి పట్టుకున్నాం" అంది.

"హమ్మయ్య! మరి ఆ ఒక్కరూ ఎవరండీ?" అన్నాను.

ఆమె నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. "పేరు తెలిస్తే వెతుక్కునేదాన్ని కదండీ" అంది.

ఆనాటి నుంచీ ఎవరు ఏ ఫ్లాపీ తెచ్చినా, ఎంత అర్జెంటన్నా, ముందు చేత్తో తాకి చూసేవాణ్ని. ఎక్కడ పెట్టారో అడిగేవాణ్ని. చల్లగా ఉంటే బల్ల మీద పెట్టి, "కూర్చోండి, టీ తాగుదాం" అనేవాణ్ని. తెలీక చేసినవాళ్ల మీద నోరు పారేసుకోవడం కూడా ఆరోజుతోనే మానేశాను. ఎప్పుడైనా కోపం తన్నుకొస్తే ఆ పద్దెనిమిదో మనిషి గుర్తొస్తారు. ఆడమనిషో మగమనిషో కూడా నాకు తెలీదు.