మిరపకాయలు మిగిల్చిన వెడల్పు

రోడ్లు, భవనాల శాఖలో నా చివరి పోస్టింగు గుంటూరుకు పడమట ఉన్న ఒక సబ్ డివిజన్. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చార్జి తీసుకున్నది మాఘమాసంలో, మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో. మా తాతగారి ఊరు ఆ సబ్ డివిజన్‌లోనే ఉంది. ఊళ్లో మాకు అప్పటికి మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. పోస్టింగు మార్పించుకోమని మిత్రులు సలహా ఇచ్చారు. ఒకరిని అడిగి మార్పించుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. వెళ్లి చేరాను.

ఆ ఊరి మీదుగా పోయే రాష్ట్ర రహదారిని అంతకు ముందు ఏడాదే వెడల్పు చేశారు. రెండు వరుసల తారు రోడ్డు, రెండు పక్కలా తారు వేసిన అంచులు. ఈ అంచులను మావాళ్లు షోల్డర్లంటారు. సైకిళ్లు, మోటారు సైకిళ్లు, నడిచేవాళ్లు వాటి మీద పోతారని, లారీలు, బస్సులు నడిమధ్యన పోతాయని డిజైను ఉద్దేశం. నేను వెళ్లేసరికి ఊరి పొడవునా ఆ అంచులు ఎర్రగా ఉన్నాయి. రైతులు మిరపకాయలు ఆరబోశారు. అంచు దాటి బారెడు లోపలికి కూడా వచ్చారు. లారీలు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. తారు వేడికి కాయ త్వరగా ఆరుతుంది, మన్ను అంటదు, బస్తాలకెత్తగానే లారీ పక్కకే వస్తుంది. అంతకంటే మంచి కళ్లం వాళ్లకు లేదు.

నేను చేరిన కొద్ది రోజులకే, చీకటి పడే వేళ, ఒక మోటారు సైకిలు ఆ రాళ్లకు తగిలి పడింది. నడిపే మనిషి కాలు విరిగింది. నా పైఅధికారి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) గారు పోలీసులను తీసుకెళ్లి కాయలు ఎత్తించమన్నారు. వినకపోతే జేసీబీతో తోయించమన్నారు.

వెళ్లాను. కోటేశ్వరరావు అనే రైతు పంట మొత్తం రోడ్డు మీదే ఉంది. అతని తండ్రి ఒకప్పుడు మా పొలం కౌలుకు చేశాడు. కాయ అప్పటికి సగమే ఆరింది. కుప్ప పోస్తే బూజు పట్టి తెల్లబారుతుంది. ఆ తర్వాత అది ధర పలకని తాలుకాయ కిందే లెక్క.

"ఎత్తమంటే ఎత్తుతానండీ. ఎక్కడ పొయ్యాలో కూడా తమరే చెప్పండి. మీ తాతగారి కళ్లం ఉంటే అక్కడే పోసుకునేవాళ్లం. మీ బాబాయిగారు దాన్ని ప్లాట్లేసి అమ్మేశారు గదా!" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాతో వచ్చిన ఎస్సై తల పక్కకు తిప్పుకున్నాడు. అతను చెప్పింది నిజమే. రాళ్లు అక్కడికక్కడే తీయించి, కాయలకు మాత్రం వారం గడువిచ్చాను.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఊరి చివర ఒక మలుపును సరిచేసి నేరుగా వేశారు. వదిలేసిన పాత మలుపు, తారు చెక్కు చెదరకుండా, మా శాఖ స్థలంగానే పడి ఉంది. కంట్రాక్టరు అక్కడ కంకర పోసుకున్నాడు. దాన్ని ఖాళీ చేయించి ఆరబోతకు ఇద్దామని ఈఈ గారికి ఫోను చేశాను.

"మనం రోడ్లేసేవాళ్లమా, కళ్లాలేసేవాళ్లమా?" అన్నారాయన.

కళ్లం చూపించకపోతే రోడ్డే కళ్లమవుతుందని, జేసీబీ వెళ్లిన మర్నాడే కాయలు తిరిగొస్తాయని చెప్పాను. కోతల కాలం వరకు అనుమతిచ్చారు. అందరికంటే ముందు ట్రాక్టరు తెచ్చింది కోటేశ్వరరావే. "ఇదన్నా అమ్మకుండా ఉంచండి బాబూ" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది, జీపెక్కాక.

పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. కాసింబీ అని, మిర్చి కోత కూలీల ముఠాకు పెద్ద, ఒక ఉదయం నా జీపు ఆపింది. ఆమె మనుషులు రోజూ ఆటోలు దిగి అక్కడే రోడ్డు దాటి చేలకు పోతారు.

"కాయలున్నప్పుడే నయం సారూ. కాయలు తొక్కితే రైతు లారీ ఆపి తంతాడని డ్రైవర్లకు భయం. మమ్మల్ని తొక్కితే ఎవరు తంతారు? నిన్న మా అత్తను కొంగు పట్టుకుని వెనక్కి లాగాను. లేకుంటే ఆ లారీ కిందే పోయేది!"

మర్నాడు పొద్దున అక్కడ నిలబడి చూశాను. నలభై మించరాదన్న మా బోర్డు నిటారుగానే ఉంది. దాన్ని చూసి వేగం తగ్గించిన వాహనం ఒక్కటీ లేదు. అంచులు ఖాళీ కావడంతో రోడ్డు నాలుగు వరుసలున్నట్టు కనపడుతోంది. లారీలు ఎడమ అంచు మీదుగా ముందు బండిని దాటేస్తున్నాయి. కాయలున్నప్పుడు దారి ఇరుకై, డ్రైవరు కాలు దానంతటదే యాక్సిలరేటరు మీద నుంచి లేచేది.

అందుకని ఊరి పొడవునా అంచులను ఎత్తయిన కాలిబాటలుగా మార్చాలని, కూలీలు దాటే చోట రోడ్డునే ఆ ఎత్తుకు లేపాలని ప్రతిపాదన పంపాను. నిరుడు వెడల్పు చేసి ఈ ఏడు ఇరుకు చేస్తే ఆడిట్‌కు ఏం చెప్పాలని ఈఈ గారు అడిగారు. ఒక్క ఉదయం వచ్చి రోడ్డు దాటి చూడమన్నాను. సరేనన్నారు. మాట మీద నిలబడే మనిషి, వచ్చారు. ముఠాతో పాటు అంచు మీద నిలబడ్డారు. ఒక అడుగు వేయబోయేంతలో ఎడమగా దూసుకొచ్చిన లారీని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"రండి సారూ, చెయ్యి పట్టుకుంటారా?" అంది కాసింబీ. ఆడవాళ్లంతా ఒకటే నవ్వు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. జీపు బానెట్ మీదే ప్రతిపాదన పెట్టి సంతకం చేశారు. ఎంత వెడల్పు ఉంచుదామని మాత్రం అడిగారు. నలిగిన కాయల ఎర్ర మరక తారు మీద ఇంకా ఉంది. రెండు మరకల మధ్య రెండు బస్సులు నెమ్మదిగా తప్పుకోగలవు. ఆ మరకల వెంబడే ముగ్గు గీత వేయించాను.

మరుసటి కోతలకు పని పూర్తయింది. ఆ గీతల వెంబడి లేచిన కాలిబాటల మధ్య లారీలు నెమ్మదించాయి. కాసింబీ ముఠా దాటింది. నలభై బోర్డు పాత చోటే ఉంది. దాని అవసరం పెద్దగా లేదు.

ఆ రోడ్డుకు సర్వే, వాహనాల లెక్కింపు వానాకాలంలో చేశారు. అప్పుడు రోడ్డు మీద కాయ ఉండదు, దాటే ముఠా ఉండదు. చేసినవాళ్లు కొలతల్లో తప్పు చేయలేదు, కాలంలో చేశారు. డిజైను గీసేవాడు కోతల కాలంలో ఒక ఉదయం వెళ్లి, కూలీలు దాటే చోటే తానూ ఆ రోడ్డు దాటాలి. ఎంత వెడల్పు కావాలో అక్కడే తేలుతుంది.